చిత్తూరు సీమలో తొలి సేద్యం: గట్లు మిగలని పొలాల ఆనవాళ్ళు ఎక్కడ వెతకాలి?

క్లుప్తంగా: చంద్రగిరి, పలమనేరు వైపు కనిపించే పాండవ గుళ్ళు (బండలు నిలిపి కట్టిన గూళ్ళు), ఊరూరా ఉన్న చెరువులు, గుట్టల వార రాతి కట్టలు ఒకే కాలానివి కావు. దక్షిణాదిలో సేద్యం క్రీ.పూ. 3000 తర్వాత పశువుల మందలతో, అండుకొర్ర, పెసర, ఉలవ వంటి మెట్ట పంటలతో మొదలైంది. ఆ పొలాల హద్దులు నేల మీద నిలవలేదు. వాటి సాక్ష్యం మాడిన గింజల్లో, పేడ బూడిదలో, రాతి పనిముట్లలో దొరుకుతోంది. వెయ్యేళ్ళ నాటి చెరువును, రెండున్నర వేల ఏళ్ళ నాటి సమాధిని, నాలుగు వేల ఏళ్ళ నాటి పంటను విడివిడిగా చూస్తేనే ఈ సీమ వ్యవసాయ చరిత్ర అర్థమవుతుంది.

గందరగోళం ఎక్కడుంది

చంద్రగిరి దగ్గర మల్లయ్యగారిపల్లె గుట్ట మీది బండ గూళ్ళ ఫొటోలు సోషల్ మీడియాలో తరచూ షేర్ అవుతుంటాయి. వాటి కింద రకరకాల వ్యాఖ్యలు కనిపిస్తాయి. కొందరు ఐదు వేల ఏళ్ళ నాటివంటారు, కొందరు ఆదిమానవుల ఇళ్ళంటారు, తొలి రైతుల గుళ్ళని మరికొందరు రాస్తారు. రేణిగుంట దగ్గర దొరికిన రాతి పనిముట్ల వార్తలూ, రాయలచెరువు ఫొటోలూ ఇదే కథలో కలిసిపోతాయి. వినేవాళ్ళకు ఇదంతా ఒకే ప్రజలు, ఒకే కాలంలో చేసిన పని అనిపిస్తుంది.

అసలు వరుస ఇలా ఉంటుంది. రేణిగుంట పరిసరాల్లో, స్వర్ణముఖిలో కలిసే రాళ్ళకాలువ వెంబడి దొరికిన సన్నని రాతి బ్లేళ్ళను పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె. మూర్తి 1960ల చివర్లో ప్రకటించారు. అవి వ్యవసాయం తెలియని వేటగాళ్ళవి, పది వేల ఏళ్ళకు పైబడినవి. నున్నగా అరగదీసిన రాతి గొడ్డళ్ళు, చేత్తో చేసిన బూడిదరంగు కుండలు, పశువుల పెంపకం ఆ తర్వాత చాలాకాలానికి వచ్చిన నవీన శిలాయుగానివి. పాండవ గుళ్ళు అంతకన్నా తర్వాతివి. ఇనుము వాడకం మొదలైన కాలంలో, అంటే సుమారు క్రీ.పూ. 1200 నుంచి 300 మధ్య, చనిపోయినవాళ్ళ కోసం కట్టిన బృహత్ శిలా సమాధులవి. వాటిని కట్టేనాటికి దక్షిణాదిలో సేద్యానికి వెయ్యేళ్ళ పైనే వయసుంది. చెరువుల కథ క్రీస్తు శకంలోది.

ఈ నాలుగు పొరల్లో తొలి రైతుల పొర కంటికి కనిపించదు. అందుకే కనిపించే మిగతా వాటిని దాని స్థానంలో పెట్టుకుంటున్నారు.

మిగతా దేశాల్లో పొలాలు ఎలా మిగిలాయి

తవ్వకాల్లో ఏకంగా పొలమే దొరికిన చోట్లు ప్రపంచంలో కొన్ని ఉన్నాయి. ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో కేజె ఫీల్డ్స్ అనే చోట పీట్ (చిత్తడి నేలలో మొక్కలు సగం కుళ్ళి పేరుకున్న, వంటచెరకుగా వాడే మట్టి) పొర కింద కిలోమీటర్ల పొడవున రాతిగోడల పొలాలు బయటపడ్డాయి. 1930లలో ప్యాట్రిక్ కాల్ఫీల్డ్ అనే బడిపంతులు పొయ్యిలోకి పీట్ కోస్తుంటే అడుగున వరుసగా రాళ్ళు తగిలాయి. ఆయన కొడుకు షేమస్ పురావస్తు శాస్త్రం చదివి, ఇనుప చువ్వలను నేలలోకి గుచ్చుతూ, రాయి తగిలిన చోటల్లా గుర్తు పెట్టుకుంటూ ఆ గోడల పటం గీశారు. ఐదున్నర వేల ఏళ్ళ నాటివని ఎక్కువమంది ఒప్పుకున్నారు. అంత పాతవి కావు, కంచుయుగానివే అనే వాదం కూడా ఈమధ్య బలంగా వినిపిస్తోంది. ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్‌లో సుమారు క్రీ.పూ. 1500 నాటి పొలం గోడలు ఇప్పటికీ కొండ వాలు మీద నడుస్తుంటే కనిపిస్తాయి. పాపువా న్యూగినీలోని కూక్ చిత్తడి నేలలో వేల ఏళ్ళ నాటి మట్టి తిన్నెలు, మురుగు కాలువలు దొరికాయి. 2008లో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు.

మన దేశంలోనూ ఇలాంటిది ఒకటుంది. రాజస్థాన్‌లోని కాళీబంగన్‌లో 1960లలో బి.బి. లాల్, బి.కె. థాపర్ నాయకత్వంలో జరిగిన తవ్వకాల్లో దున్నిన పొలం బయటపడింది. కాలం సుమారు క్రీ.పూ. 2800. ఒక దిక్కున దాదాపు 30 సెంటీమీటర్ల ఎడంతో సన్న సాళ్ళు, వాటికి అడ్డంగా 190 సెంటీమీటర్ల ఎడంతో వెడల్పు సాళ్ళు ఉన్నాయి. ఆ చుట్టుపక్కల ఇప్పటికీ దగ్గర సాళ్ళలో ఒక పంట, ఎడం సాళ్ళలో ఆవాలు వేసే పద్ధతి ఉండడంతో అది అంతరపంటల పొలమని లాల్ గుర్తించారు. చెనక్కాయ చేలో ఇన్ని సాళ్ళకు ఒక కంది సాలు, ఒక అలసంద సాలు వేసే చిత్తూరు రైతుకు ఆ పటం చూపిస్తే వివరించే పని ఉండదు.

ఇవన్నీ మిగలడానికి కారణాన్ని జాగ్రత్తగా గమనించాలి. ఐర్లండ్‌లో నేల చెమ్మగిల్లి, పీట్ పేరుకుని గోడలను మూసేసింది. డార్ట్‌మూర్‌లో కొండ నేల సత్తువ కోల్పోయి, మళ్ళీ ఎవరూ దున్నలేదు. కూక్‌లో బురద కప్పేసింది. కాళీబంగన్‌లో పొలాన్ని వదిలేశాక దాని మీద తర్వాతి తరాల ఊరి శిథిలాలు పడ్డాయి. అంటే సేద్యం ఆగిపోయిన చోటే పొలం మిగిలింది.

ఇక్కడ ఎందుకు మిగల్లేదు

స్వర్ణముఖి, అరణియార్, నీవా, బాహుదా లోయల్లో సేద్యం అలా ఆగింది లేదు. బాగున్న నేల ప్రతి తరంలోనూ దున్నుడు చూసింది. నాగలి ఏటా పై మట్టిని తిరగేస్తుంది. దానికి తోడు ఇక్కడి వాన తీరు వేరు. నెలల తరబడి ఎండిన నేల మీద ఒక్కసారిగా కుండపోత పడుతుంది. గుట్టల వాలు మీది సన్నటి మట్టి కొట్టుకుపోయి అడుగున బండ తేలుతుంది. కొట్టుకొచ్చిన మట్టి లోయలో మీటర్ల మందాన పేరుకుంటుంది. పైన ఉన్న పొలం కొట్టుకుపోతే, కింద ఉన్నది పూడిపోతుంది.

తొలి రైతులు రాతిగోడలు కట్టి ఉండకపోవచ్చనేదే ఇంకా పెద్ద కారణం. గోడ కట్టాలంటే ఆ చెక్క నాది, నా పిల్లలది అనుకునేంత స్థిరం ఉండాలి. వానను నమ్ముకుని, నేల సత్తువ తగ్గగానే పక్క చెక్కకు మారే సేద్యంలో ముళ్ళకంపే కంచె. పశువులు లోపల పడకుండా తుమ్మ కంప, రేగు కంప చాలు. నాలుగేళ్ళలో చెదలు తినేసే కంచె నాలుగు వేల ఏళ్ళ తర్వాత దొరకదు. ఐరోపా తరహాలో గోడలు వెతికితే ఇక్కడ వ్యవసాయమే లేదన్న తప్పుడు నిర్ణయానికి వస్తాం. దక్షిణాది తొలి సేద్యాన్ని చాలాకాలం చిన్నచూపు చూడడానికి ఇదొక కారణం. పశువుల కాపరులే తప్ప రైతులు కారన్న అభిప్రాయం దశాబ్దాల పాటు నిలిచింది.

గింజ చెప్పే సంగతి

ఆ అభిప్రాయాన్ని మార్చింది మాడిన గింజలు. మామూలు గింజ నేలలో పడితే మొలకెత్తుతుంది, లేదంటే కుళ్ళుతుంది. పొయ్యిలో పడి సగం కాలినది మాత్రం బొగ్గుగా మారి వేల ఏళ్ళు ఉంటుంది. పురాతన ఊరి దిబ్బలోని మట్టిని బకెట్ల కొద్దీ నీళ్ళలో కలిపితే, బియ్యం కడిగినప్పుడు పొట్టు తేలినట్టు ఈ బొగ్గు గింజలు పైకి తేలతాయి. సన్న జల్లెడలో పట్టి, నీడలో ఆరబెట్టి, మైక్రోస్కోప్ కింద ఒక్కొక్కటే చూస్తారు. గింజ ఆకారం, కంటి గుర్తు, పైతొక్క గీతలను బట్టి పంటను పోలుస్తారు. అదే గింజకు రేడియోకార్బన్ పరీక్ష చేసి కాలం లెక్కిస్తారు.

బళ్ళారి దగ్గరి సంగనకల్లు మొదలుకొని కర్ణాటక, ఆంధ్ర పీఠభూమి స్థలాల్లో పురావస్తు శాస్త్రవేత్త డోరియన్ ఫుల్లర్ బృందం ఈ పద్ధతిలో పనిచేసింది. స్థలం ఏదైనా ఫలితం ఇంచుమించు ఒకటే. అండుకొర్ర, కొర్ర జాతికి చెందిన మరో చిన్న ధాన్యం, పెసర, ఉలవ ఎక్కువగా కనిపించాయి. ఈ నాలుగూ ఈ ద్వీపకల్పంలో అడవి రూపంలో పెరిగే మొక్కలే. ఉత్తరాదిలో సేద్యానికి ఆధారమైన గోధుమ, బార్లీ క్రీ.పూ. 1900 ప్రాంతంలో ఇక్కడికి చేరినా కొద్దిగానే పండాయి. అవి చలికాలపు పంటలు. వానాకాలం తడి మీద బతికే దక్కన్‌లో వాటికి నీళ్ళు మోసి పోయాలి. కాబట్టి ఊరి పక్కన చిన్న మడుల్లో మాత్రమే పండించి ఉండాలి. దక్షిణాది సేద్యం ఎక్కడి నుంచో వచ్చిన నకలు కాదనడానికి ఇది గట్టి ఆధారం. ఇక్కడి గడ్డిని, ఇక్కడి కాయను ఇక్కడి మనుషులే పంటగా మలుచుకున్నారు.

ఉలవ విషయం ఇంకాస్త దగ్గరగా చూడాలి. అడవి ఉలవకు పైతొక్క మందం. వాన పడగానే అన్ని గింజలూ ఒకేసారి మొలిస్తే, ఆ తర్వాత ఎండ కాస్తే వంశమే పోతుంది. కాబట్టి తొక్క మందంగా ఉండి, కొన్ని ఈ ఏడు, కొన్ని మరో ఏడు మొలుస్తాయి. రైతుకు కావలసింది దీనికి పూర్తిగా తలకిందులు. చల్లిన గింజలన్నీ ఒకే పదునుకు మొలవాలి. అలా మొలిచినవాటి నుంచే విత్తనం దాచి మళ్ళీ చల్లుతుంటే, తరాలు గడిచేకొద్దీ పల్చటి తొక్క గింజలే మిగులుతాయి. 2017లో వెలువడిన ఒక పరిశోధనలో పురాతన ఉలవ గింజలను కోయకుండా శక్తిమంతమైన ఎక్స్-రేలతో తొక్క మందం కొలిచారు. క్రీ.పూ. రెండో సహస్రాబ్దిలో తొక్క పల్చబడిన తీరు అందులో కనిపించింది. పొలం గట్టు ఎక్కడుందో తెలియకపోయినా, ఏటా విత్తనం దాచి, నేల చదును చేసి, పదును చూసి చల్లిన రైతు ఉన్నాడని ఆ తొక్క చెబుతోంది. దీనికి మించిన పొలం ఆనవాలు దక్షిణాదిలో ఇంతవరకూ లేదనే చెప్పాలి.

సీమ భోజనంలో ప్రాణమైన రాగి ఈ తొలి జాబితాలో లేదు. రాగి, సజ్జ, జొన్న ఆఫ్రికా నుంచి క్రీ.పూ. 2000 తర్వాత దశలవారీగా వచ్చాయి. పితికిపప్పుకు వాడే అనప కూడా ఆఫ్రికా మూలాలున్నదే. చెనక్కాయ, టమోటా దక్షిణ అమెరికావి, గత ఐదు వందల ఏళ్ళలోనే సముద్రం దాటాయి. నేడు చిత్తూరు పల్లెల్లో పండేవాటిలో తొలి రైతు గుర్తుపట్టగల పంటల్లో ముందుగా చెప్పాల్సింది ఉలవ. వాన వెనకబడి, మిగతా ఏ పంటా వేయలేని ఏడు ఇప్పటికీ ఆ గింజే చల్లుతారు. సిరిధాన్యాల దుకాణాల్లో అండుకొర్రలను కొత్త వస్తువులా అమ్ముతున్నారు గానీ వాటి వయసూ అంతే.

మంద, పేడ, బూడిద

తొలి రైతు బతుకులో సగం పశువులదే. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఉత్నూరులో 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్.ఆర్. ఆల్చిన్ తవ్విన బూడిద దిబ్బ దీన్ని తేల్చింది. అంతకు ముందు ఇలాంటి దిబ్బలను అగ్నిపర్వతపు బూడిద అనీ, లోహం కరిగించిన చిట్టెం అనీ, భీముడు చంపిన రాక్షసుల చితి అనీ రకరకాలుగా చెప్పేవారు. అది పశువుల దొడ్డిలో పేరుకుని, పదే పదే కాలిన పేడ అని ప్రయోగశాలలో రుజువైంది. దొడ్డి చుట్టూ పాతిన మొద్దుల గుంతలు దొరికాయి. బూడిద పొర మీద పశువుల గిట్టల ముద్రలు ఉన్నవి ఉన్నట్టే నిలిచాయి. ఇలాంటి దిబ్బలు బళ్ళారి, రాయచూరు, కర్నూలు, అనంతపురం వైపు ఎక్కువ. అనంతపురం జిల్లా పాలవాయి దిబ్బను తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చెందిన వి. రామిరెడ్డి తవ్వారు.

పేడను ఎరువుగా పొలానికి తోలకుండా ఎందుకు కాల్చారన్నది ఆసక్తికరమైన ప్రశ్న. నేల సత్తువ తగ్గితే చెక్క మార్చుకునే వీలున్నంత కాలం ఎరువు అవసరం రాదు. జనం పెరిగి, ఒకే చెక్కను ఏటా దున్నాల్సి వచ్చినప్పుడే పేడకు విలువ వస్తుంది. క్రీ.పూ. 2200 తర్వాత స్థిరమైన ఊళ్ళు పెరగడమూ, ఆ తర్వాతి శతాబ్దాల్లో బూడిద దిబ్బలు తగ్గిపోవడమూ ఈ వాదనకు సరిపోతాయి. పంట కోసిన చేలో గొర్రెల మంద నిలపడం, పెంట తోలడం వంటి పద్ధతులు ఆ మార్పు తర్వాతి కాలానికి చెందినవిగా భావించాలి.

ఆ మంటలు ఏడాదిలో ఒక పండగకు పెట్టినవని ఆల్చిన్ ఊహించి, సంక్రాంతి వంటి పండగల మంటలతో పోల్చారు. చిత్తూరు పల్లెల్లో పశువుల పండగ నాడు ఊరి బయట చిట్లాకుప్ప (కంపల కుప్ప) వేసి, ముట్టించి, ఆ మంట దగ్గర పశువులను తోలే ఆచారం ఈ పోలికకు బాగా దగ్గరది. అయితే పోలిక ఉన్నంత మాత్రాన నాలుగు వేల ఏళ్ళ వారసత్వం రుజువైనట్టు కాదు. పుంగనూరు ఆవును ఆనాటి మందలకు నేరుగా ముడిపెట్టే ప్రచారానికీ ఇదే జవాబు.

రెండు వానల నేల

బళ్ళారిలో తేలిన ప్రతి సంగతినీ చిత్తూరుకు అంటగట్టకూడదు. అక్కడ ఏడాదికి పడేది 500 మిల్లీమీటర్ల చుట్టూ. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు సుమారు 900 మిల్లీమీటర్లు. అందులో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. కొండలకు తూర్పున తిరుపతి, శ్రీకాళహస్తి వైపు ఈ వెనక వాన ఎక్కువ. పడమట పలమనేరు, కుప్పం పీఠభూమి ఎత్తులో ఉంటుంది, అక్కడ ముందు వానకూ (నైరుతి రుతుపవనాలకూ) వాటా ఉంది. జూన్, జులైల్లో చల్లిన అండుకొర్ర మూడు నెలల్లోపే చేతికొస్తుంది. వెనక వానకు ఉలవ అందుకుంటుంది. ఒకే చెక్కలో, నీళ్ళు పెట్టకుండా రెండు పంటలకు అవకాశమున్న నేల ఇది.

రాతి గుట్టల వార నేలకు మరో సౌకర్యం ఉంది. వాన పడినప్పుడు బండ ఒక్క చుక్కా పీల్చుకోదు, అంతా అడుగు వాలుకు దిగుతుంది. కొద్ది వానకే ఆ వాలు నేల బాగా తడుస్తుంది. గుట్ట మీద దొనల్లో నీళ్ళు కొన్నాళ్ళు నిలుస్తాయి. నవీన శిలాయుగపు ఊళ్ళు గుట్టల మీదా, గుట్టల వారా ఎక్కువగా ఉండడానికి ఇదీ ఒక కారణం. పెద్ద నది ఒడ్డున బరువు నేల దున్నడానికి ఇనుప కర్రు, ఎద్దుల కాడి కావాలి. రాతి గొడ్డలి, తవ్వుకోల ఉన్నవాడికి గుట్ట వార తేలిక నేలే అనువు.

సమాధులు, చెరువులు: తర్వాతి పొరలు

ఇనుపయుగంలో చిత్రం మారింది. దక్షిణాది బృహత్ శిలా సమాధుల్లో కొడవళ్ళు, పారలు, గొడ్డళ్ళు దొరికాయి. పలమనేరు వైపు బాపనత్తం సమాధుల గురించి ఇంగ్లిషు అధికారులు 19వ శతాబ్దంలోనే రాశారు. అప్పట్లో ఈ ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. టన్నుల బరువున్న బండను గూటి మీదికెక్కించాలంటే పదుల సంఖ్యలో మనుషులు, వాళ్ళకు పని జరిగినన్ని రోజులు తిండి కావాలి. అంటే ధాన్యం మిగులు ఉండాలి. సమాధి స్వయంగా పొలం కాదు గానీ, చుట్టుపక్కల స్థిరమైన పొలాలున్నాయనడానికి పరోక్ష సాక్ష్యం. నేల మీద హక్కును పూర్వీకుల పేరుతో చాటుకునే పద్ధతి ఇదని చాలామంది పరిశోధకుల అభిప్రాయం.

గొలుసుకట్టు చెరువులు, వరి మడులు ఆ తర్వాతివి. పల్లవ, బాణ, చోళ, విజయనగర కాలాల శాసనాల్లో వాటి జాడ దొరుకుతుంది. 15, 16 శతాబ్దాల్లో తిరుమల ఆలయానికి వచ్చిన విరాళాల సొమ్ముతో ఆలయ గ్రామాల్లో కాలువలు, చెరువులు తవ్వించి, పెరిగిన పంటతో నైవేద్యాలు జరిపించిన సంగతి తిరుమల శాసనాల్లో నమోదైంది. తిరుపతి చుట్టూ నేడు కనిపించే తడి నేల ముఖచిత్రం చాలావరకు ఈ పెట్టుబడి ఫలితం. దాన్ని ఆదిమ వ్యవసాయానికి జమ వేస్తే శాసనాల సాక్ష్యాన్ని కాదన్నట్టే.

రాళ్ళ కుప్ప కనిపిస్తే

గుట్ట వార పొలాల్లో రాళ్ళ కుప్పలు మామూలే. కొన్ని పాత సమాధులు, ఎక్కువ శాతం రైతులు ఏరి పోసిన రాళ్ళు. తేడా కొంతవరకు కంటితోనే పోల్చవచ్చు. ఏరి పోసిన కుప్పలో చేతికందే సైజు రాళ్ళే ఉంటాయి, దున్నడానికి పనికిరాని బండ మీదో, గట్టు మూలనో పోస్తారు. సమాధి కుప్ప చుట్టూ పెద్ద రాళ్ళు వలయంగా పాతి ఉంటాయి, మధ్యలో గుంత లేదా రాతి పెట్టె ఉంటుంది, లోపల నలుపు, ఎరుపు కలిసిన కుండ పెంకులు కనిపిస్తాయి. ఒకదాని మీద ఒకటి పడ్డ సందర్భాలూ ఉంటాయి. పాత సమాధి వలయంలోకే తరతరాలుగా రాళ్ళు విసిరి ఉండవచ్చు. అలాంటి చోట తవ్వకుండా తీర్పు చెప్పలేం.

ఇక ముందు ఏం జరగవచ్చు

ఒకప్పుడు నాగలి జానెడు లోతే దిగేది. ఇప్పుడు మామిడి తోట కోసం జేసీబీతో వాలును చదును చేస్తే మీటరు లోతు వరకు పొరలు కలిసిపోతాయి. గ్రానైట్ క్వారీలకు కావలసినవీ ఆ గుట్టలే. నిధుల వేటగాళ్ళు సమాధులను తవ్వి పోయడం మరో నష్టం. నిజానికి వాటిలో ఉండేవి కుండలు, ఎముకలు, ఇనుప ముక్కలు. కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు నిర్మాణాలను నిషేధించే, మరో 200 మీటర్ల వరకు నియంత్రించే నిబంధన 2010 సవరణతో చట్టంలో చేరింది. అయితే అది జాబితాకెక్కిన కట్టడాలకే వర్తిస్తుంది. కట్టడమే లేని పురాతన పొలం అలాంటి జాబితాలోకి ఎక్కడం కష్టం.

కాబట్టి కాపాడాల్సింది రాళ్ళతో పాటు మట్టిని కూడా. సమాధి బండ కింద సీలు వేసినట్టు మూతపడి ఉన్న పాత నేల పొర చాలా విలువైనది. ఆ బండ పెట్టిన రోజు తర్వాత ఆ నేల మీద కొత్త గింజ పడే అవకాశం చాలా తక్కువ. అక్కడి నుంచి తీసిన కొన్ని బకెట్ల మట్టిలో అండుకొర్ర, ఉలవ తేలితే సమాధి కట్టినవాళ్ళు ఇంకా మెట్ట సేద్యం మీదే ఉన్నారని అర్థం. వరి తేలితే మడి, నీటి కట్ట శాసనాల కన్నా ముందే మొదలయ్యాయని ఆలోచించాల్సి ఉంటుంది. రాగి తేలితే ఆ గింజ ఏ కాలానికల్లా సీమకు చేరిందో తేదీతో సహా చెప్పవచ్చు.